అదనపు బాధ్యతలో దొరికిన దారి: అలన్ కార్మాక్ జీవితం
(సంఘం నెలవారీ సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శిగారు నన్ను ఆరోగ్యం గురించి ఏదైనా మాట్లాడమన్నారు. బి.పి., షుగరు, మోకాళ్ల నొప్పుల గురించి నాకంటే ఎక్కువ తెలిసినవాళ్లు ఈ హాల్లోనే చాలామంది ఉన్నారు. కనుక ఆ జోలికి పోను. ముప్ఫై మూడేళ్లు ప్రభుత్వ ఆసుపత్రుల్లో రేడియోగ్రాఫరుగా పనిచేశాను. రోగులకు మాత్రం నేను ‘ఎక్స్‌రే ఆయన’నే. ఆ పనిలో నాకు తెలిసిన ఒక మనిషి గురించి చెబుతాను. తెలిసిన అంటే చూశానని కాదు, చదువుకున్నాను. పేరు అలన్ కార్మాక్. భౌతికశాస్త్రవేత్త. మనలో చాలామంది ఎప్పుడో ఒకప్పుడు సి.టి. స్కాను యంత్రంలో పడుకుని ఉంటాం. ఆ యంత్రం వెనక ఉన్న లెక్క ఈయనది.

ముందుగా ఈయన మీద నాకు ఎందుకు ఆసక్తి కలిగిందో చెప్పాలి.

1978 వానాకాలం. నేనొక జిల్లా ఆసుపత్రిలో పనిచేస్తున్నాను. ఒక సాయంత్రం పన్నెండేళ్ల కుర్రాణ్ణి తీసుకొచ్చారు. చింతచెట్టెక్కితే కొమ్మ విరిగి పడ్డాడు. స్పృహలోనే ఉన్నాడు, అడిగినదానికి జవాబు చెబుతున్నాడు. తలకు రెండు ఫిలింలు తీశాను, ఒకటి ఎదుటినుంచి, ఒకటి పక్కనుంచి. ‘కదలకురా నాయనా’ అంటే బొమ్మలా పడుకున్నాడు. డార్క్ రూములో ఫిలిం కడిగి తడి ఆరకముందే డాక్టరుగారికి చూపించాను. ఎముక ఎక్కడా చిట్లలేదు. బయట వాళ్లమ్మ నిలబడి ఉంది. ‘ఏం కనిపించింది బాబూ?’ అంది. ‘ఏమీ లేదమ్మా, ఎముక బాగానే ఉంది’ అన్నాను. ఆవిడ నాకు రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టింది. తెల్లవారేసరికి కుర్రాడు పోయాడు.

నేను అబద్ధం చెప్పలేదు. ఎముక బాగానే ఉంది. పుర్రెకూ మెదడు పైపొరకూ మధ్య రక్తం చేరింది. అలాంటి కేసుల్లో మనిషి కాసేపు మామూలుగానే మాట్లాడతాడు, తరువాత హఠాత్తుగా కూలిపోతాడు. ఆ రక్తం ఎక్స్‌రే ఫిలింలో కనబడదు. ఎందుకు కనబడదంటే, ఎక్స్‌రే అనేది నీడ. తల ముందునుంచి వెనకదాకా కిరణం దారిలో ఉన్నవన్నీ ఒకదానిమీద ఒకటి పడి ఒకే నీడ అవుతుంది. ఎముక కిరణాన్ని గట్టిగా ఆపుతుంది కాబట్టి తెల్లగా తేలుతుంది. మెదడు, రక్తం, నీరు, కణితి – ఇవి ఆపేదాంట్లో తేడా స్వల్పం. ఆ స్వల్పమైన తేడా ఎముక నీడలో మునిగిపోతుంది. వెన్నులో సూది గుచ్చి నీరు తీసి గాలి ఎక్కించి తీసే ఎక్స్‌రే ఒకటుండేది. మెడలోని రక్తనాళంలోకి మందు ఎక్కించి తీసేది మరొకటి. రెండూ పెద్దాసుపత్రుల పనులు, రోగికి నరకం. జిల్లాలో మాకు ఆ రెండూ లేవు.

ఆ నీడలో కలిసిపోయినవాటిని మళ్లీ విడదీయడం ఎలాగో కార్మాక్ గారు 1963లోనే అచ్చువేసి పెట్టారు. ఈ సంగతి నాకు చాలా ఏళ్ల తరువాత తెలిసింది. తెలిసిన రోజున నాకు పట్టరాని కోపం వచ్చింది. ఎవరిమీద అని అడిగితే చెప్పలేను. ఆ కోపమే నాచేత ఆయన జీవితం చదివించింది.

ఆయన 1924 ఫిబ్రవరి 23న దక్షిణాఫ్రికాలోని జోహన్నెస్‌బర్గ్‌లో పుట్టారు. తల్లిదండ్రులు స్కాట్లండు ఉత్తరప్రాంతం నుంచి వలస వచ్చినవారు. తల్లి ఉపాధ్యాయిని, తండ్రి పోస్టల్ శాఖలో ఇంజనీరు. ముగ్గురు పిల్లల్లో ఈయనే ఆఖరివారు. ప్రభుత్వోద్యోగుల కుటుంబాలకు మామూలే కదా, బదిలీల మీద ఊళ్లు మారుతూ తిరిగారు. ఇక్కడ తలలూపుతున్నవాళ్లందరికీ ఆ సంగతి వేరే చెప్పనక్కరలేదు. 1936లో తండ్రి పోయారు. అప్పటికి ఈయనకు పన్నెండేళ్లు. కుటుంబం కేప్‌టౌన్‌లో స్థిరపడింది.

బడిలో ఉండగా ఖగోళశాస్త్రం మీద మోజు. నక్షత్రాలు చూస్తే పొట్ట గడవదని ఎలక్ట్రికల్ ఇంజనీరింగులో చేరారు. రెండేళ్లకు మనసు మారి భౌతికశాస్త్రంలోకి వచ్చారు. కేప్‌టౌన్ విశ్వవిద్యాలయంలో 1944లో బి.ఎస్సీ., 1945లో ఎమ్మెస్సీ. తీరిక దొరికితే టేబుల్ మౌంటెన్ ఎక్కడం. తరువాత ఇంగ్లండు వెళ్లి కేంబ్రిడ్జిలోని కావెండిష్ ప్రయోగశాలలో ఆటో ఫ్రిష్ గారి దగ్గర పరిశోధక విద్యార్థిగా చేరారు. డిరాక్ మహాశయుని క్వాంటం మెకానిక్స్ ఉపన్యాసాలు వినడానికి వెళ్లేవారు. ఆ తరగతిలోనే బార్బరా సీవీ అనే అమెరికన్ అమ్మాయి పరిచయమైంది. పెళ్లి చేసుకోవాలనుకున్నారు, చేతిలో డబ్బు లేదు. కేప్‌టౌన్‌లోని తన పాత గురువు ప్రొఫెసర్ జేమ్స్ గారికి ఉద్యోగం ఉందా అని ఉత్తరం రాశారు. ఈ జేమ్స్ గారు మామూలు మనిషి కాదు, షాకిల్టన్ దక్షిణధ్రువ యాత్రలో మంచులో చిక్కి నలిగిపోయిన ఎండ్యూరెన్స్ నౌకలో భౌతికశాస్త్రవేత్తగా వెళ్లి బతికి బయటపడినవారు. ఆయన ఉద్యోగం ఇచ్చారు. 1950లో కార్మాక్ గారు లెక్చరరుగా తిరిగివచ్చారు. పి.హెచ్‌డి. మధ్యలోనే ఆగిపోయింది. మళ్లీ ఎప్పుడూ పూర్తిచేయలేదు.

ఇక అసలు ఘట్టం. కేప్‌టౌన్‌లో గ్రూటె స్కూర్ అనే ఆసుపత్రి ఉంది. 1967లో డాక్టర్ క్రిస్టియన్ బార్నార్డ్ మొట్టమొదటి గుండెమార్పిడి చేసినది అక్కడే, ఆ రోజుల్లో పేపర్లన్నీ అదే వార్త. మన కథ అంతకు పన్నెండేళ్ల ముందుది. 1955లో ఆ ఆసుపత్రి భౌతికశాస్త్రవేత్త రాజీనామా చేసి వెళ్లిపోయారు. రేడియోధార్మిక పదార్థాలు వాడేచోట అర్హుడైన భౌతికశాస్త్రవేత్త పర్యవేక్షణ ఉండాలని అక్కడి చట్టం. ఊరు మొత్తానికి అణుభౌతికశాస్త్రం చదివినవారు కార్మాక్ గారొక్కరే. వారానికి ఒకటిన్నర రోజు వచ్చి చూసుకొమ్మన్నారు. అంటే మన భాషలో ఎఫ్.ఏ.సి., అదనపు బాధ్యత! 1956 మొదటి ఆరు నెలలు ఆయన ఆ పని చేశారు.

అదనపు బాధ్యత అంటే మనం ఏం చేసేవాళ్లమో ఇక్కడ అందరికీ తెలుసు. వెళ్లడం, అత్యవసరమైనవాటిమీద సంతకాలు పెట్టడం, మిగతాది రెగ్యులరు ఆఫీసరు వచ్చాక చూసుకుంటాడులే అని వచ్చేయడం. నేనూ అంతే, తప్పు పట్టడం లేదు. కార్మాక్ గారికి అప్పగించిన పని ఐసోటోపుల లెక్కలు చూడటం. కానీ కూర్చోబెట్టింది రేడియాలజీ విభాగంలో. అక్కడ కాన్సరు రోగులకు రేడియేషన్ చికిత్స ఎలా నిర్ణయిస్తున్నారో ఆయన గమనించారు. ఒక అమ్మాయి చార్టులు ఒకదానిమీద ఒకటి పేర్చి, లోపల ఎక్కడ ఎంత మోతాదు పడుతుందో గీతలు గీసేది, సర్వే మ్యాపుల్లో ఎత్తు చూపించే గీతల్లాగా. డాక్టరు చూసి సరిదిద్దేవారు. మళ్లీ గీసేది. ఆ చార్టులన్నీ శరీరమంతా ఒకే పదార్థంతో, ముద్దగా ఉన్నట్టు లెక్కకట్టినవి. శరీరంలో ఎముక ఉంది, ఊపిరితిత్తిలో గాలి ఉంది, కండ ఉంది. లెక్క తప్పుతుందని డాక్టర్లకూ తెలుసు, కానీ వేరే దారి లేదు.

‘లోపల ఎక్కడెక్కడ కిరణం ఎంత ఆగుతోందో బయటినుంచే కొలిచి చెప్పగలమా?’ ఇదీ ఆయనకు తట్టిన ప్రశ్న. ఎక్స్‌రేలు కనిపెట్టి అప్పటికే అరవై ఏళ్లయింది, ఎవరో ఒకరు ఈ లెక్క చేసే ఉంటారని పుస్తకాలు వెతికారు. దొరకలేదు. సరే, మొదటినుంచీ మనమే చేద్దామనుకున్నారు.

ఆ లెక్క ఏమిటో ఒక్క చిన్న ఉదాహరణ చెబుతాను, భయపడకండి, మనవళ్ల పజిలు పుస్తకంలో ఉండేంతే. నాలుగు గళ్లు గీయండి, పైన రెండు, కింద రెండు. వాటిల్లో అంకెలున్నాయి కానీ మీకు కనబడవు. పై వరస మొత్తం 5, కింది వరస 8. ఎడమ నిలువు 7, కుడి నిలువు 6. అంకెలు చెప్పగలరా? పైన 1, 4, కింద 6, 2 అనవచ్చు. పైన 2, 3, కింద 5, 3 అన్నా సరిపోతుంది. అంటే రెండు వైపులనుంచి చూస్తే చాలదన్నమాట. నేను ఆ కుర్రాడికి తీసిన రెండు ఫిలింలు ఇలాంటివే. ఇప్పుడు ఇంకొక్కటి చెబుతాను: పైన ఎడమ గడి, కింద కుడి గడి, ఐమూలగా కలిపితే 3. అంతే, ఇక జవాబు ఒక్కటే, 1, 4, 6, 2. మరో దిక్కునుంచి ఒక్క కొలత వస్తే గుట్టు విడిపోయింది. గళ్లు నాలుగు కాక వేలు ఉంటే, దిక్కులు మూడు కాక నూటఎనభై ఉంటే, అదే సి.టి. స్కాను. పనసకాయను కోయకుండానే అడ్డంగా కోసిన చక్రం చూపించడం.

గళ్లు చిన్నవైపోయి గీతల్లో కలిసిపోతే ఈ పజిలు కలనగణితం అవుతుంది. దానికి సూత్రం రాబట్టడానికి ఆయన 1956–57లో అమెరికాలో, హార్వర్డులో ఉన్న సెలవు ఏడాదిని కొంత వాడుకున్నారు. కేప్‌టౌన్ తిరిగొచ్చి 1957లో పరీక్షించారు. అల్యూమినియం చక్రం, దానిచుట్టూ కొయ్య. ఒకపక్క కోబాల్టు నుంచి వచ్చే గామా కిరణం, రెండోపక్క కొలిచే సాధనం. లెక్క చక్కగా వచ్చింది, ఒక్కచోట తప్ప. సరిగ్గా నడిమధ్యలో మూడు బిందువులు గీత తప్పాయి. మనమైతే ‘ప్రయోగ దోషం’ అని రాసి ఊరుకునేవాళ్లం. ఆయన వర్క్‌షాపుకు వెళ్లి అడిగారు. ఆ చక్రం మధ్యలో కొంచెం తేడా లోహంతో ఒక మేకు దిగ్గొట్టి ఉందని అక్కడివాళ్లు చెప్పారు. ఆయనకే తెలియని వస్తువును ఆయన లెక్క బయటినుంచి పట్టుకుంది! నేను ఎన్నిసార్లు చదివినా ఈ చోట ఆగిపోతాను. లోకంలో మొదటి స్కాను రోగి ఒక అల్యూమినియం బిళ్ల, మొదటి రోగనిర్ధారణ దాని కడుపులోని మేకు.

ఆ ఏడాదే ఆయన అమెరికాలోని టఫ్ట్స్ విశ్వవిద్యాలయానికి వెళ్లిపోయారు. అక్కడ ఆయన అసలు పని అణుభౌతికం, కణభౌతికం. ఈ లెక్క మాత్రం ఖాళీ దొరికినప్పుడు తీసేది. 1963లో ఒక డిగ్రీ విద్యార్థి సాయంతో రెండో ప్రయోగం చేశారు. ఈసారి పుర్రెకు బదులు అల్యూమినియం వలయం, మెదడుకు బదులు ప్లాస్టిక్కు, కణితులకు బదులు చిన్న అల్యూమినియం బిళ్లలు. కంప్యూటరుతో లెక్కకట్టారు. కణితులు ఎక్కడున్నాయో అక్కడే తేలాయి. 1963లో ఒకటి, 1964లో ఒకటి, రెండు వ్యాసాలు ‘జర్నల్ ఆఫ్ అప్లైడ్ ఫిజిక్స్’ అనే పత్రికలో వేశారు. ఒక ప్రమేయాన్ని దాని రేఖా సమాకలనాల ద్వారా రాయడం అని గణితంలో మొదలై, చివరన ‘కొన్ని రేడియాలజీ ఉపయోగాలతో’ అని ముగుస్తుంది ఆ శీర్షిక. ఏ రేడియాలజిస్టు ఆ పత్రిక తెరుస్తాడు? తెరిచినా ఆ శీర్షిక దాటి లోపలికి ఎవరు వెళతారు?

స్పందన దాదాపు లేనేలేదు. ప్రతి కావాలని వచ్చిన ఉత్తరాల్లో విచిత్రమైనది స్విట్జర్లాండులో మంచుచరియల మీద పరిశోధన చేసే కేంద్రంనుంచి వచ్చింది. కొండలమీద మంచు ఎంత పేరుకుందో ఈ లెక్కతో తెలుస్తుందేమోనని వాళ్ల ఆశ. మంచుకింద కొండలోపల సాధనం పెట్టగలిగితే తెలుస్తుందని ఆయనే తరువాత చమత్కరించారు. ఆసుపత్రులకు పట్టని సంగతి కొండలవాళ్లకు పట్టింది.

నా ఉద్యోగంలో నేనూ ఒకసారి, ఫిలింలు వృథా కాకుండా ఉండే పద్ధతి ఒకటి రెండు పేజీలు రాసి పై ఆఫీసుకు పంపాను. అందినట్టు కూడా జవాబు రాలేదు. ఆ తరువాత పదేళ్లు నేను మళ్లీ ఏమీ రాయలేదు. కార్మాక్ గారి పనికీ దానికీ పోలికే లేదు, తెలుసు. ఆయన మాత్రం తన కణభౌతికం తాను చేసుకుంటూ పోయారు. 1968 నుంచి ఎనిమిదేళ్లు భౌతికశాస్త్ర విభాగానికి అధిపతిగా ఉన్నారు.

ఇంకో విడ్డూరం వినండి. ఈ లెక్కను ఆస్ట్రియా గణితశాస్త్రవేత్త యోహాన్ రాడాన్ 1917లోనే పూర్తిగా సాధించి అచ్చువేశారు. కార్మాక్ గారికి ఆ సంగతి పద్నాలుగేళ్ల దాకా తెలియదు. అంటే డాక్టర్లు ఈయన వ్యాసం చదవలేదు, ఈయన రాడాన్ వ్యాసం చదవలేదు. ఇది చదివాక నా కోపం సగం చల్లారింది. ఎవరి అలమర వాళ్లది.

అప్పుడు ఇంగ్లండులో గాడ్‌ఫ్రే హౌన్స్‌ఫీల్డ్ వచ్చారు. రైతుబిడ్డ, ఇంజనీరు, గ్రామఫోను రికార్డులకు పేరుపడిన ఇ.ఎమ్.ఐ. కంపెనీ ఉద్యోగి. కార్మాక్ పేరు వినకుండానే, తనదైన వేరే పద్ధతిలో ఇదే ఆలోచనకు వచ్చారు. మొదట ప్రయోగశాలలో గామా కిరణాలతో ఒక్క బొమ్మకు తొమ్మిది రోజులు పట్టింది. ఎక్స్‌రే గొట్టం పెట్టాక తొమ్మిది గంటలయింది. 1971 అక్టోబరు 1న లండనులోని అట్కిన్సన్ మోర్లీ ఆసుపత్రిలో మొదటి రోగికి, ఒక మహిళకు, తల స్కాను తీశారు. మెదడు ముందుభాగంలో కణితి బొమ్మలో కనిపించింది. అడ్డం 80, నిలువు 80, మొత్తం 6,400 గళ్ల బొమ్మ అది. నేటికీ స్కానులో నీటికి సున్నా, గాలికి మైనస్ వెయ్యి అని కొలిచే అంకెలను హౌన్స్‌ఫీల్డ్ అంకెలనే అంటారు. అందుకే మా వృత్తిలో ఆయన పేరు అందరికీ తెలుసు, కార్మాక్ పేరు తెలియదు.

మనవాళ్ల పాత్ర ఒకటి చెప్పకుండా పోలేను. అదే 1971లో జి.ఎన్. రామచంద్రన్, ఎ.వి. లక్ష్మీనారాయణన్ గార్లు ఈ లెక్కను కంప్యూటరు చాలా తొందరగా చేసే మార్గం ప్రచురించారు. తరువాతి తరం యంత్రాలు ఆ బాట పట్టాయి. పాఠ్యపుస్తకాల్లో దాన్ని ఇద్దరి పేర్లూ కుదించి ‘రామ్-లాక్’ అంటారు. ఏదో సబ్బు పేరనుకుంటారు పిల్లలు.

1979లో వైద్యశాస్త్రపు నోబెల్ బహుమతి కార్మాక్, హౌన్స్‌ఫీల్డ్ గార్లకు కలిపి ఇచ్చారు. ఇద్దరిలో ఎవరూ డాక్టరు కారు. వైద్యం తెలిసిన డాక్టరూ కారు, పి.హెచ్‌డి. డాక్టరూ కారు. మా ఇద్దరికీ వైద్యం గురించి తెలిసినదంతా ఒక చిన్న మందుల చీటీ మీద రాసెయ్యవచ్చు అన్న అర్థంలో విందులో కార్మాక్ గారు హాస్యమాడారు.

ఇక్కడ ఒక ప్రశ్న. హౌన్స్‌ఫీల్డ్ ఈయన వ్యాసాలు చదివి యంత్రం కట్టలేదు. మరి ఈయన పని లేకపోయినా స్కాను వచ్చేదేగా? వచ్చేదే. మరి నోబెల్ ఎందుకు? నేను చాలాకాలం ఆలోచించాను. చేయవచ్చు అని మొదట రుజువు చేసినవారు ఈయన, చేసి చూపించినవారు ఆయన అని నా సమాధానం. మీలో కొందరు ఒప్పుకోకపోవచ్చు. ఒకటి మాత్రం నిజం, 1964లోనే ఏ ఆసుపత్రి అయినా ఆ వ్యాసాన్ని చేతిలోకి తీసుకుని ఉంటే కొన్నేళ్లు కలిసివచ్చేవి. అయినా నా జిల్లాకు యంత్రం 1978కి వచ్చేదా? రాదు. ఇంగ్లండులో మొదలైనది మన ఊళ్లకు చేరడానికి పట్టే కాలం ఎంతో మీకు తెలియనిది కాదు. ఆ కుర్రాడి లెక్క కార్మాక్ గారి ఖాతాలో వెయ్యలేను.

నోబెల్ వచ్చాక ఆయన ఊరుకోలేదు. ఎక్స్‌రేలకు బదులు ప్రోటాన్లతో బొమ్మ తీయడం మీద అంతకుముందే 1976లో హార్వర్డు సైక్లోట్రాన్‌లో మరొకరితో కలిసి పనిచేశారు. రాడాన్ గణితాన్ని వృద్ధాప్యంలోనూ తవ్వుతూనే ఉన్నారు. 1990లో అమెరికా నేషనల్ మెడల్ ఆఫ్ సైన్స్ ఇచ్చింది. 1998 మే 7న మసాచుసెట్స్‌లోని వించెస్టర్‌లో 74వ ఏట కాలం చేశారు. 2002లో దక్షిణాఫ్రికా ప్రభుత్వం ఆయనకు మరణానంతరం తమ మపుంగుబ్వె పురస్కారం ఇచ్చింది.

చివరగా సొంతగొడవ ఒకటి చెప్పి ముగిస్తాను. మూడేళ్ల క్రితం బాత్‌రూములో జారిపడ్డాను. దెబ్బ పెద్దది కాదు, బొప్పి కట్టింది, అమృతాంజనం రాసుకుని పడుకున్నాను. మూడు వారాలకు మాట తడబడటం మొదలైంది. మా అబ్బాయి స్కానుకు తీసుకెళ్లాడు. నేను బల్లమీద పడుకుంటే, నా మనవడి వయసు కుర్రాడొకడు అద్దం వెనకనుంచి మైకులో ‘తాతగారూ, తల కదపకండి’ అన్నాడు. ముప్ఫై మూడేళ్లు నేనన్న మాట నాకు చెబుతున్నాడు. నిమిషం పట్టలేదు. బయటికొచ్చాక, నేనూ ఇదే పని చేసినవాణ్ణని చెబితే, కంప్యూటరు ముందుకు పిలిచి బొమ్మ చూపించాడు. పుర్రె లోపలివైపు నెలవంకలా పాత రక్తం, స్పష్టంగా. మర్నాడు పుర్రెకు రంధ్రం వేసి తీసేశారు. ఇదిగో, ఆ మచ్చ ఇక్కడే ఉంది, వెనక వరసవాళ్లకు కనబడదు. ఆ బొమ్మ చూస్తున్నంతసేపూ నాకు వాళ్లమ్మ దణ్ణం పెట్టిన చేతులే గుర్తొచ్చాయి. ఆ కుర్రాడికి కార్మాక్ ఎవరో తెలుసా అని అడుగుదామనుకున్నాను. అప్పటికే ఇంకో రోగిని పిలిచేశాడు.

 అక్కడ టీ చల్లారిపోతోందని కార్యదర్శిగారు రెండోసారి సైగ చేస్తున్నారు.